పత్తి, రేయాన్, మోడాల్, లయోసెల్, లినెన్: ఏ గుడ్డ ఎవరికి నప్పుతుంది

రోజూ కట్టుకోవడానికి నాలుగు చీరలో, ఇంట్లో వేసుకోవడానికి రెండు కుర్తీలో కొందామని వెళ్లినవారికి ఇప్పుడు దుకాణంలో వినిపించే పేరు పత్తి ఒక్కటే కాదు. రేయాన్, విస్కోస్, మోడాల్, టెన్సెల్, లినెన్, వెదురు గుడ్డ, ఆర్ట్ సిల్క్ అంటూ వరుసగా పరిచి, ప్రతిదాన్నీ మెత్తగా ఉంటుంది, చల్లగా ఉంటుంది అనే అమ్ముతారు. ఆ మాట చాలావరకు నిజమే. ఆర్ట్ సిల్క్‌లో కొన్ని రకాలు తప్ప ఇవన్నీ మొక్కల కణాల గోడల్లో ఉండే సెల్యులోజ్ అనే ఒకే పదార్థం నుంచి వచ్చినవే కాబట్టి పొడిగా ఉన్నప్పుడు చేతికి ఇంచుమించు ఒకేలా హాయిగా తగులుతాయి. తేడా బయటపడేది ఇంటికి వచ్చి, సబ్బు నీళ్లలో నానబెట్టి, బ్రష్ కొట్టి, పిండి, దండెం మీద వేసిన తరువాత. అందువల్ల దుకాణంలో గుడ్డను చేత్తో నలిపి చూసి తీసుకునే నిర్ణయం కన్నా, అది తడిసినప్పుడు ఏమవుతుందో తెలుసుకుని తీసుకునే నిర్ణయం మేలని నా అభిప్రాయం. ఈ పోలిక అంతా ఆ దృష్టితోనే సాగుతుంది.

ఒకే పదార్థం, రెండు దారులు

సెల్యులోజ్‌ను 1838లో ఆన్సెల్మ్ పాయెన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మొక్కల నుంచి వేరుచేసి గుర్తించాడు. గ్లూకోజ్ అణువులు వందలు, వేలుగా గొలుసుకట్టినట్టు చేరితే సెల్యులోజ్ అవుతుంది. మనం చీరకు పెట్టే గంజిలోని పిండిపదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే. అణువులు ఒకదానితో ఒకటి ముడిపడే తీరు వేరు కావడం వల్ల గంజి మన కడుపులో అరుగుతుంది, గుడ్డ అరగదు. రెండింటి నిర్మాణం ఇంత దగ్గరగా ఉంది కాబట్టే గంజి పత్తి పోగును అంత గట్టిగా అంటిపెట్టుకుంటుంది, పాలియెస్టర్‌కు సరిగా పట్టదు.

దూదిలో తొంభై శాతానికి పైగా సెల్యులోజే ఉంటుంది. అందువల్ల గింజ తీసి, ఏకి, వడికితే చాలు, నూలు వస్తుంది. కలపలో సెల్యులోజ్ సుమారు 40 నుంచి 50 శాతమే. మిగిలిన లిగ్నిన్ వంటి వాటిని తొలగించి గుజ్జు చేసి, ఆ గుజ్జును రసాయనాలలో కరిగించి, సన్నని రంధ్రాల గుండా వదిలి మళ్లీ పోగుగా గట్టిపరచాలి. పత్తి, లినెన్ మొక్క నేరుగా ఇచ్చే పోగులు. విస్కోస్, మోడాల్, లయోసెల్ కరిగించి తిరిగి తీసిన పోగులు. కరిగించే పనిలో గొలుసులు తెగి పొట్టివవుతాయి. పత్తిలో ఒక్కో గొలుసుకు వేల గ్లూకోజ్ అణువులు ఉంటే, విస్కోస్‌లో అవి మూడు వందలకు అటూ ఇటూగా మిగులుతాయి. గుడ్డలో కనిపించే తేడాలు చాలావరకు ఇక్కడినుంచే మొదలవుతాయి.

ముందుగా చూడవలసినవి

మొదటిది తడి బలం. మన ఇళ్లలో బట్టలు గంటలకొద్దీ నానతాయి, బండ మీద దెబ్బలు తింటాయి, మెలిపెట్టి పిండబడతాయి, లేదా వాషింగ్ మెషీన్‌లో తిరుగుతాయి. గుడ్డ ఆయుష్షును తేల్చేది ఈ దశే. రెండవది తేమను పట్టే గుణం. ఒక పోగు గాలి నుంచి తన బరువులో ఎంత శాతం తేమను తీసుకోగలదన్నదాన్ని బట్టి ఉక్కపోతలో ఒంటికి హాయి ఉంటుంది. పాలియెస్టర్‌కు ఇది అర శాతం కూడా లేదు, సెల్యులోజ్ గుడ్డలకు 8 నుంచి 13 శాతం దాకా ఉంటుంది. మూడవది జాలు, ముడత: గుడ్డ ఒంటి మీద వాలుగా జారుతుందా, బిరుసుగా నిలబడుతుందా, కూర్చుని లేచేసరికి నలిగిపోతుందా అన్నది. నాలుగవది కుంచించుకుపోవడం. చివరిది తయారీ భారం, అంటే ఆ గుడ్డ కోసం పొలంలో, కర్మాగారంలో, నదిలో ఏం జరిగిందన్నది. ధర వీటన్నిటి పక్కనా ఎలాగూ ఉంటుంది.

| గుడ్డ | పట్టే తేమ (శాతం) | తడిస్తే బలం | ముడత, జాలు | సాధారణంగా ధర |
|---|---|---|---|---|
| పత్తి | సుమారు 8 | పెరుగుతుంది | నలుగుతుంది, నిలబడుతుంది | నేతను బట్టి చవక నుంచి ఖరీదు దాకా |
| లినెన్ | సుమారు 12 | పెరుగుతుంది | బాగా నలుగుతుంది, బిరుసు | ఎక్కువ |
| విస్కోస్ రేయాన్ | 11–13 | దాదాపు సగానికి పడిపోతుంది | నలుగుతుంది, చక్కగా జారుతుంది | తక్కువ |
| మోడాల్ | 12కు దగ్గర | తగ్గుతుంది, విస్కోస్ కన్నా మెరుగు | తక్కువ నలుగుతుంది, చాలా మెత్తన | మధ్యస్థం |
| లయోసెల్ | 11–13 | కొద్దిగానే తగ్గుతుంది | తక్కువ నలుగుతుంది, జారుతుంది | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| అసిటేట్ (సెల్యులోజ్‌ను రసాయనికంగా మార్చి చేసిన పోగు) | సుమారు 6 | తగ్గుతుంది | పట్టులా మెరుపు | తక్కువ |

పత్తి

తడిసినప్పుడు మరింత బలపడటం పత్తికున్న గొప్ప గుణం. పత్తి పోగులో సెల్యులోజ్ పొరలు పొరలుగా, మెలి తిరిగి అమరి ఉంటుంది. నీరు చేరినప్పుడు లోపలి బిగువు సడలి, లాగే బలం పోగు అంతటా సమానంగా పంచుకుపోతుంది. అందుకే చాకిరేవు బండ మీద తరాల తరబడి నిలిచిన గుడ్డ ఇదొక్కటే. సబ్బులోని, సోడాలోని క్షారాన్ని కూడా సెల్యులోజ్ బాగా తట్టుకుంటుంది కాబట్టి తువ్వాళ్లను, దుప్పట్లను, పసిపిల్లల గుడ్డలను మరిగే నీళ్లలో వేసి ఉడకబెట్టవచ్చు. పైన చెప్పిన వరుసలో ఈ పనికి పత్తి, లినెన్ తప్ప మరొకటి నమ్మదగినది కాదు.

పత్తిలోనూ ఒక పత్తికి మరో పత్తికి పోలిక లేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, పింజలోని చిన్న నలుసు కూడా మిగలకుండా శుభ్రం చేసి, చేత్తో సన్నని నూలు వడికి ఖాదీ నేస్తారు. ఆ చిన్న పళ్ల వరుస గుండా పింజ ఒక్కో చిటికెడు చొప్పున సాగుతుంది. ఆ ఓపికకు తగ్గ ధర ఉండటం న్యాయమే. దీనికి మరో కొసన, తక్కువ రకం పింజతో మిల్లులో నేసి, ఎక్కువ గంజి పెట్టి బరువుగా కనిపించేలా చేసిన గుడ్డ ఉంటుంది. గంజి పోయిన తరువాత అది జల్లెడలా పలచబడుతుంది. కొనేటప్పుడు గుడ్డ మూలను రెండు వేళ్ల మధ్య గట్టిగా రుద్దితే తెల్లని పొడి రాలుతుందేమో చూడాలి. రాలితే అది గంజి బరువు.

మెర్సరైజ్డ్ అన్న మాట చీటీ మీద ఉంటే సందేహించనక్కరలేదు. 1844 ప్రాంతంలో జాన్ మెర్సర్ అనే ఆంగ్లేయుడు కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచిన పత్తిలో వచ్చే మార్పును కనిపెట్టాడు. తరువాత అదే పనిని నూలును బిగించి లాగి పట్టి చేస్తే మెరుపు వస్తుందని తేలింది. అలా చేసిన నూలు ఉబ్బి గుండ్రంగా మారి, రంగును బాగా తాగుతుంది, బలం కూడా పెరుగుతుంది.

పత్తి లోపాలూ చిన్నవి కావు. ఇస్త్రీ లేనిదే చూడబుద్ధి కాదు. మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. వానాకాలంలో సరిగా ఆరని గుడ్డకు నల్లని బూజు చుక్కలు పట్టి, ఎంత ఉతికినా పోవు. గంజి పెట్టి బీరువాలో నెలల తరబడి దాచితే సిల్వర్ ఫిష్ పురుగులు చేరతాయి. కాబట్టి ఆరునెలలు దాచే చీరను గంజి లేకుండా ఉతికి దాచడమే మంచిది. పొలంలో అది మోసే భారం సంగతి మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. కిలో పత్తి గుడ్డకు ప్రపంచ సగటున దాదాపు 10,000 లీటర్ల నీరు పడుతుందన్న లెక్కలో వాన నీరు కూడా కలిసే ఉంది. తెలంగాణలోని వర్షాధార నల్లరేగడి పత్తికీ, కాలువ నీటితో పండిన పత్తికీ ఆ లెక్కను ఒకేలా వర్తింపజేయడం సరికాదు.

విస్కోస్ రేయాన్

ఇప్పుడు బజారులో నైటీలు, కుర్తీలు, పలాజోలు, పూల అద్దకం చీరలలో పెద్ద భాగం ఇదే. రేయాన్ అన్నా, విస్కోస్ అన్నా దుకాణాలలో ఒకటే గుడ్డ. లివా అన్న చీటీ కనిపిస్తే అది బిర్లా వారి సెల్యులోజ్ పీచుతో చేసిన గుడ్డ అని అర్థం. ఆ బిర్లా వారిదే అయిన గ్రాసిం సంస్థ 1954 నుంచి మధ్యప్రదేశ్‌లోని నాగదాలో విస్కోస్ పీచు తయారుచేస్తోంది. ఈ గుడ్డకు మన నేలతోనూ బంధం ఉంది. ఇప్పటి ములుగు జిల్లా కమలాపురంలో గోదావరి చెంతనున్న ఏపీ రేయాన్స్ కర్మాగారం రేయాన్‌కు పనికివచ్చే కలప గుజ్జును తయారుచేసేది. 2014లో అక్కడ ఉత్పత్తి ఆగిపోయి, దాని మీద బతికిన కార్మిక కుటుంబాలు వీధిన పడ్డాయి. ఒంటి మీది రేయాన్ కుర్తీ ఒకప్పుడు ఏ జామాయిల్ తోటలోనో నిలబడ్డ చెట్టు కావచ్చునన్నది అతిశయోక్తి కాదు.

దీన్ని 1892లో క్రాస్, బెవాన్, బీడిల్ అనే ముగ్గురు ఆంగ్లేయులు కనిపెట్టారు. కలప గుజ్జును కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్‌తో కలిపితే తేనె రంగు చిక్కని ద్రవం వస్తుంది. దాన్ని గంధకామ్లపు తొట్టిలోకి సన్నని ధారలుగా వదిలితే తిరిగి సెల్యులోజ్ పోగుగా గట్టిపడుతుంది. ఒంటికి పట్టుకున్నట్టుగా జారే ఆ జాలు, గాఢమైన రంగులు, చెమటను పీల్చే గుణం, తక్కువ ధర అన్నీ కలిసి దీన్ని ఇంటింటికీ చేర్చాయి. ఉక్కపోతలో పాలియెస్టర్ నైటీకీ రేయాన్ నైటీకీ ఉన్న తేడా వేసుకున్నవారికి వెంటనే తెలుస్తుంది. ఈ విషయంలో రేయాన్‌ను తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

చిక్కు నీళ్లలో ఉంది. పొట్టి గొలుసులు, వాటి మధ్య వదులు అమరిక కారణంగా నీరు లోపలికి చొరబడి గొలుసులను పట్టి ఉంచే బంధాలను విడదీస్తుంది. దాంతో తడి విస్కోస్ బలం సుమారు సగానికి పడిపోతుంది. కుట్ల దగ్గర, చంకల దగ్గర, పక్క జేబు మూలల్లో రేయాన్ కుర్తీలు ముందుగా పోయేది ఇందుకే. నీళ్లతో బరువెక్కిన కుర్తీని భుజాలు పట్టి దండెం మీద వేలాడదీస్తే దాని బరువుకే అది సాగి, ఆరాక అంచు ఒక పక్క దిగినట్టు కనిపిస్తుంది. పత్తి ఒకటి రెండు ఉతుకుల్లో కుంచించుకుని ఆగుతుంది, విస్కోస్ మాత్రం ఆ తరువాత కూడా కొంచెం కొంచెంగా మారుతూనే ఉండవచ్చు. అందువల్ల విస్కోస్ కొనేవారు దాని షరతులకు ముందే ఒప్పుకోవాలి: చల్లని నీళ్లు, కొద్దిసేపటి నానుడు, చేత్తో మృదువైన ఉతుకు, మెలిపెట్టకుండా నొక్కి నీళ్లు తీయడం, దండెం మీద నడిమికి మడిచి లేదా పరిచి నీడలో ఆరబెట్టడం. బట్టలన్నీ ఒకే బకెట్‌లో వేసి బ్రష్‌తో బాదే ఇంటికి ఇది తగిన గుడ్డ కాదు.

తయారీ గురించి కూడా దాచకుండా చెప్పాలి. కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరిని దీర్ఘకాలం పీల్చిన కార్మికులలో నరాలు, మెదడు, గుండె దెబ్బతిన్నట్టు నూరేళ్లకు పైగా వైద్య చరిత్ర చెబుతోంది. ఆ ఆవిరిని పట్టి తిరిగి వాడుకునే ఏర్పాట్లున్న కర్మాగారాల్లో ప్రమాదం బాగా తగ్గుతుంది, లేనిచోట కార్మికులు, చుట్టుపక్కల ఊళ్లు ఆ మూల్యం చెల్లిస్తాయి. ఆ రసాయనం చేసే కీడు తయారీ దశలోది. గుడ్డ తొడుక్కున్నవారు దీన్ని తలచుకుని భయపడనవసరం లేదు.

మోడాల్, లయోసెల్

విస్కోస్ తడి బలహీనతను సరిదిద్దే ప్రయత్నంలో వచ్చినవి ఇవి. మోడాల్ తయారీ దారి విస్కోస్‌దే అయినా పోగును తీసేటప్పుడు ఎక్కువ సాగదీసి గొలుసులను వరుసలో పెడతారు. అందువల్ల తడిలో బలం కొంత నిలుస్తుంది, కుంచించుకుపోవడమూ తక్కువ. బనియన్లు, లోదుస్తులు, టీషర్టుల వంటి అల్లిక బట్టలకు, ముఖ్యంగా చర్మం త్వరగా ఒరుసుకుపోయేవారికి, మోడాల్ కలిపిన పత్తి చాలా హాయిగా ఉంటుంది. పదే పదే ఉతికినా మెత్తదనం పోదు.

లయోసెల్ దారే వేరు. ఇందులో కార్బన్ డైసల్ఫైడ్ ఉండదు. ఎన్‌ఎమ్‌ఎమ్‌ఓ అనే ద్రావకంలో కలప గుజ్జు నేరుగా కరుగుతుంది, పోగు తీశాక ఆ ద్రావకాన్ని 99 శాతానికి పైగా తిరిగి పట్టి మళ్లీ వాడతారు. బ్రిటన్‌కు చెందిన కోర్టాల్డ్స్ సంస్థ 1990ల ఆరంభంలో అమెరికాలోని అలబామాలో దీని భారీ ఉత్పత్తి మొదలుపెట్టి టెన్సెల్ అని పేరు పెట్టింది. ఇప్పుడు ఆ పేరు ఆస్ట్రియాకు చెందిన లెన్జింగ్ సంస్థది. ఆ సంస్థ తన మోడాల్‌ను కూడా టెన్సెల్ పేరుతోనే అమ్ముతోంది కాబట్టి, చీటీ మీద టెన్సెల్ అన్న ఒక్క మాటతో ఆగకుండా పక్కన లయోసెల్ అని ఉందా, మోడాల్ అని ఉందా చూడాలి. తడిసినా లయోసెల్ తన బలంలో పది, పదిహేను శాతమే కోల్పోతుంది. కరిగించి తీసిన పోగులలో వాషింగ్ మెషీన్‌కు నిశ్చింతగా ఇవ్వదగినది ఇదే.

దీనికీ ఒక బలహీనత ఉంది. తడిగా ఉన్నప్పుడు రాపిడి తగిలితే పోగు పైన కంటికి కనిపించనంత సన్నని నూగు లేస్తుంది. నలుపు, ముదురు నీలం వంటి రంగుల్లో ఆ నూగు తెల్లని పొర కప్పినట్టు కనిపించి బట్ట పాతబడినట్టు అనిపిస్తుంది. లోపలి వైపు బయటకు తిప్పి, జీన్స్ వంటి బరువు బట్టలతో కలపకుండా ఉతికితే ఇది చాలావరకు తప్పుతుంది. పర్యావరణం గురించి నిజంగా ఆలోచించి, ధర భరించగలవారికి ఈ వరుసలో నేను ముందుగా సూచించేది లయోసెల్‌నే.

లినెన్

అవిసె గింజలు మనకు తెలిసినవే. ఆ మొక్కలోనే పీచు కోసం పొడవుగా పెంచే రకపు కాండం నుంచి లినెన్ వస్తుంది. పీచు పంట ఎక్కువగా ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ తీరప్రాంతాలలో పండుతుంది కాబట్టి మన దగ్గర ధర ఎక్కువ. కాండాన్ని నానబెట్టి నార తీసే పద్ధతి ఉత్తరాంధ్రలో గోగునారకు చేసే పనిని పోలి ఉంటుంది. తేమను బాగా పీల్చి త్వరగా ఆరుతుంది, తడిస్తే బలపడుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పగలు బయట తిరిగేవారి చొక్కాకు ఇంతకన్నా మంచి గుడ్డ లేదు. నలుగుతుందని బాధపడేవారు మాత్రం దీని జోలికి పోకూడదు. లినెన్ చీరలను ఎప్పుడూ ఒకే మడత మీద ఉంచితే ఆ గీత వెంట పోగులు విరిగి చిరుగుతాయి, అప్పుడప్పుడు మడత మార్చాలి.

వెదురు గుడ్డ, ఆర్ట్ సిల్క్

వెదురు పేరుతో అమ్మే మెత్తని గుడ్డలు దాదాపు అన్నీ వెదురు గుజ్జుతో చేసిన విస్కోసే. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో కొన్ని సంస్థలపై, రేయాన్‌ను వెదురుగా అమ్ముతున్నారంటూ చర్యలు తీసుకుంది. విస్కోస్ గురించి పైన చెప్పినదంతా దీనికీ వర్తిస్తుంది, అదనపు ధర పెట్టడానికి కారణం కనిపించదు. ఆర్ట్ సిల్క్, అంటే కృత్రిమ పట్టు, అన్న చీర విస్కోస్ కావచ్చు, పాలియెస్టర్ కూడా కావచ్చు, అడిగి తీరాలి. అసిటేట్ ఎక్కువగా లైనింగుల్లో కనిపిస్తుంది. వేడి ఇస్త్రీకి కరుగుతుంది, గోళ్ల రంగు తుడిచే అసిటోన్ చుక్క పడితే చిల్లు పడుతుంది.

ఎవరికి ఏది

పసిపిల్లలకు, మంచాన పడిన పెద్దవారికి, తరచుగా మరిగించి ఉతకవలసిన ప్రతి గుడ్డకూ పత్తే. పొలం పనికి, కట్టడం పనికి కూడా అదే, కాస్త ముతక నేత అయితే ఇంకా మంచిది. ఇంట్లో చేత్తో నెమ్మదిగా ఉతుక్కునేవారు, తక్కువ ధరలో రంగురంగులుగా ఎక్కువ జతలు కావాలనుకునేవారు రేయాన్ కొనుక్కోవచ్చు. ఏడాది రెండేళ్లు వస్తే చాలునన్న లెక్కతో కొంటే నిరాశ ఉండదు. ఆఫీసుకు వెళ్తూ ఇస్త్రీకి సమయం లేనివారికి లయోసెల్, లేదా లయోసెల్ కలిసిన పత్తి నప్పుతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి బట్టలు డ్రయ్యర్‌లో ఆరబెట్టుకునేవారికి ఇక్కడి నుంచి రేయాన్ కుర్తీలు కొని పంపే తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచించాలి. ఆ వేడిలో అవి ఒక సైజు తగ్గి బయటకు రావచ్చు. ముందే కుదించిన పత్తి గానీ లయోసెల్ గానీ పంపడం మేలు.

వంటింటి విషయం విడిగా చెప్పాలి. సెల్యులోజ్ గుడ్డలన్నీ కాగితంలాగే త్వరగా అంటుకుంటాయి, అందులో వదులుగా, పలచగా వేలాడే రేయాన్ నైటీ, చున్నీ మరీ ప్రమాదం. పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది కాబట్టి అది దీనికి విరుగుడు కాదు. పొయ్యి దగ్గర నిలబడేవారికి ఒంటికి దగ్గరగా ఉండే దళసరి పత్తి బట్ట తగినది.

ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

చీటీ లేని గుడ్డ అంచు నుంచి రెండు మూడు పోగులు లాగి, చిన్న పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని నిప్పు చూపించాలి. కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే మెత్తని బూడిద రాలితే అది పత్తి, లినెన్, రేయాన్, మోడాల్, లయోసెల్‌లలో ఏదో ఒకటి. నల్లని పొగతో ముడుచుకుని గట్టి పూసలా మిగిలితే పాలియెస్టర్. కరుగుతూ మండి వెనిగర్ వాసన ఇస్తే అసిటేట్. ఒక పోగు కాగితంలా కాలి, ఇంకొకటి పూస కడితే పడుగు ఒకటి, పేక ఒకటి వేసి నేసిన గుడ్డ అన్నమాట. అందుకని రెండు వైపుల పోగులనూ విడివిడిగా కాల్చి చూడాలి.

పత్తికీ రేయాన్‌కూ తేడా నిప్పు చెప్పలేదు, నీరు చెబుతుంది. జానెడు పోగు తీసి నడుమ ఒక చోట మాత్రమే తడి వేలితో నొక్కి, రెండు కొసలూ పట్టి నెమ్మదిగా లాగాలి. తడిచోటే తేలిగ్గా తెగితే రేయాన్ అనుకోవచ్చు, తడిచోటు నిలిచి పొడిగా ఉన్న చోట తెగితే పత్తి లేదా లినెన్. ఒకే పోగుతో తేల్చకుండా నాలుగైదు పోగులతో చూడాలి. పత్తి, రేయాన్ కలిపి వడికిన నూలులో ఫలితం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, అలా వస్తే ఆ గుడ్డను రేయాన్‌గానే భావించి ఉతకాలి. ఏ గుడ్డ అని తేలినా, దర్జీకి ఇచ్చేముందు ఒక రాత్రి నీళ్లలో ఉంచి (రేయాన్ అయితే అరగంట చాలు), పిండకుండా ఆరబెట్టి, ఆ తరువాతే కొలతలు ఇవ్వాలి. జాకెట్టుకు తీసుకున్న లైనింగు గుడ్డను కూడా అలాగే తడపాలి, లేకపోతే పై గుడ్డ ఒక తీరుగా, లైనింగు ఒక తీరుగా కుంచించుకుని కుట్టు దగ్గర ముడుతలు పడతాయి.